మనవడు చెప్పిన 22 గ్రామీలు, తాతగారి సందేహం

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో ముప్పయ్యేళ్లకు పైగా తెలుగు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా అమ్మాయి కుటుంబం అమెరికాలో డాలస్ దగ్గర ఉంటుంది. పదిహేనేళ్ల మనవడు 2025 జూన్‌లో వచ్చి మా ఇంట్లో నెల్లాళ్లు ఉన్నాడు. చెవుల్లో ఎప్పుడూ కెండ్రిక్ లమార్ అనే ర్యాప్ గాయకుడి పాటలే. వాటిలో బూతులున్నాయని వాళ్లమ్మ వద్దంటుంది. వాడేమో ‘ఆయనకు 22 గ్రామీలు వచ్చాయి, పులిట్జర్ కూడా వచ్చింది, ఇంకేం కావాలి తాతయ్యా’ అంటాడు. ఒకరోజు విసుగులో ‘అది కవిత్వం ఎలా అవుతుందిరా’ అనేశాను. ఆ తర్వాత వాడు నా దగ్గర ఆ ఊసే ఎత్తలేదు, అలాగే తిరిగి వెళ్లిపోయాడు. ఈ అవార్డులు నిజమేనా? వాటికి విలువెంత? అమ్మాయికి ఏం చెప్పాలి? మనవడితో మళ్లీ మాట ఎలా కలపాలి?
ఒక విశ్రాంత అధ్యాపకులు, రాజమహేంద్రవరం

సమాధానం:

మాస్టారూ, నమస్కారం.

మీరు అడిగినవి నాలుగు ప్రశ్నలైనా వాటి వెనక ఉన్న బాధ ఒక్కటే: విసుగులో జారిన ఒక మాట మనవడి నోరు కట్టేసింది. దాన్ని సరిదిద్దుకోవడం కష్టమేమీ కాదు. అయితే అంతకుముందు ఆ గాయకుడి ప్రయాణం ఎలా సాగిందో మీరు కొంత తెలుసుకుంటే, మనవడు మీ ముందు పెట్టిన అవార్డుల చిట్టా ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో మీకే తెలిసిపోతుంది.

ముందుగా నిజానిజాలు చెబుతాను. 2025 ఫిబ్రవరి 2న జరిగిన 67వ గ్రామీ వేడుక ముగిసేసరికి కెండ్రిక్ లమార్ అందుకున్న గ్రామీలు సరిగ్గా 22. సంగీతానికి ఇచ్చే పులిట్జర్ బహుమతి 2018లో అతని ‘డ్యామ్’ ఆల్బమ్‌కు వచ్చింది. మీ మనవడు ఒక్క అంకె కూడా పెంచి చెప్పలేదు. అయినా ఆ అంకెలను చూసి మీరు తల ఊపాల్సిన పనీ లేదు, వాటిని కొట్టిపారేయాల్సిన పనీ లేదు. ఎందుకంటే ఈ కళాకారుడి విషయంలో గొప్ప రచనకు గొప్ప బహుమతి అన్న లెక్క చాలాసార్లు తప్పింది.

అతని పూర్తి పేరు కెండ్రిక్ లమార్ డక్‌వర్త్. 1987 జూన్ 17న కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో పుట్టాడు. లాస్ ఏంజెలెస్‌కు ఆనుకుని ఉన్న ఈ చిన్న నగరానికి ఆ రోజుల్లో ముఠాల కాల్పుల వల్ల, మత్తుమందుల వ్యాపారం వల్ల అమెరికా అంతటా చెడ్డపేరు ఉండేది. షికాగోలో ముఠాల బెడద తప్పించుకుందామని బయలుదేరిన తల్లిదండ్రులు వచ్చి చేరింది అటువంటి చోటికే. అతనికి ఎనిమిదేళ్లప్పుడు, 1995లో, అప్పటికే పేరు మోసిన ర్యాప్ గాయకులు టూపాక్ షకూర్, డాక్టర్ డ్రే కలిసి ఆ ఊళ్లో ఒక పాట చిత్రీకరిస్తుంటే తండ్రి భుజాల మీద కూర్చుని చూశాడు. చిన్నతనంలో కాస్త నత్తి ఉండేది. ఏడో తరగతిలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడు ఒకాయన కవిత్వం రాయించడం మొదలుపెట్టాక ఆ పిల్లవాడు కాగితాలు నింపడం ఆపలేదు. ముప్పయ్యేళ్లు తరగతి గదిలో నిలబడ్డ మీకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలనిపించింది.

పదహారేళ్ల వయసులో ‘కె. డాట్’ అనే పేరుతో సొంతంగా ఒక మిక్స్‌టేప్ చేశాడు. మిక్స్‌టేప్ అంటే పెద్ద సంస్థల ప్రమేయం లేకుండా, పేరు రావడం కోసం చేతి నుంచి చేతికి పంచుకునే పాటల సంపుటి. అది విని ఆంథొనీ టిఫిత్ అనే ఆయన తన చిన్న సంస్థ టాప్ డాగ్ ఎంటర్‌టైన్‌మెంట్‌లో చోటిచ్చాడు. 2009లో అతను ఆ మారుపేరు వదిలేసి సొంత పేరుతో రాయడం మొదలుపెట్టాడు. 2011లో ‘సెక్షన్ 80’, 2012 అక్టోబరులో ‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’ వచ్చాయి. అంటే మొదటి మిక్స్‌టేప్ నుంచి పెద్ద సంస్థ ద్వారా వచ్చిన మొదటి ఆల్బమ్ వరకు దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లలో ఒక్క గ్రామీ కూడా లేదు. ఈ కాలం గురించి మీ మనవడికి బహుశా అంతగా తెలియకపోవచ్చు, అవార్డుల జాబితాల్లో అది కనిపించదు కాబట్టి.

‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’ గురించి కాస్త ఎక్కువగా చెప్పనివ్వండి. పదిహేడేళ్ల కుర్రవాడు అమ్మ వ్యాను తీసుకుని బయటికి వెళ్లి, ఆ ఒక్క రోజులో ఎంత దూరం జారిపోగలడో, ఎవరి వల్ల వెనక్కి రాగలడో చెప్పే కథ అది. పాటకూ పాటకూ మధ్య ‘నా వ్యాను ఎక్కడరా’ అని అమ్మ ఫోనులో విడిచిన సందేశాలు వినిపిస్తుంటాయి. అందులో పన్నెండు నిమిషాల పాట ఒకటుంది, దాని పేరు ‘సింగ్ అబౌట్ మి, ఐయామ్ డయింగ్ ఆఫ్ థర్స్ట్’. మొదటి చరణంలో మాట్లాడేది కెండ్రిక్ కాదు, కాల్పుల్లో చనిపోయిన స్నేహితుడి అన్నదమ్ముడు. నీ ఆల్బమ్ వచ్చేలోపు నేను పోతే నా గురించి పాడు అని అడుగుతూ ఉండగా, వాక్యం మధ్యలోనే తుపాకీ మోగి గొంతు ఆగిపోతుంది. రెండో చరణంలో, అంతకుముందు ‘సెక్షన్ 80’లో అతను రాసిన ఒక వేశ్య చెల్లెలు వచ్చి, మా అక్క బతుకును పాట చేసి ఊరంతా వినిపించడానికి నువ్వెవరివని నిలదీస్తుంది. నేను మరుగున పడను, పడను అని ఆమె అంటుండగానే ఆ గొంతు క్రమంగా సన్నగిల్లి వినబడకుండా పోతుంది. పాత్రే వచ్చి కవిని ప్రశ్నించడం, ఆ ప్రశ్నను కవి దాచుకోకుండా తన రచనలోనే నిలబెట్టడం ఎంత అరుదో మీకు తెలుసు. మీరు ఆ రోజు అడిగిన ‘ఎలా అవుతుంది’ అన్న ప్రశ్నకు నా దగ్గర ఉన్న మొదటి సమాధానం ఈ పాటే.

ఈ ఆల్బమ్ తర్వాత 2014 జనవరిలో జరిగిన గ్రామీ వేడుకలో అతనికి మొత్తం ఏడు నామినేషన్లు ఉన్నాయి. ఒక్కటీ దక్కలేదు. ఉత్తమ ర్యాప్ ఆల్బమ్, ఉత్తమ నూతన కళాకారుడు రెండూ మాక్లమోర్, ర్యాన్ లూయిస్ జంటకు వెళ్లాయి. ఆ రాత్రే మాక్లమోర్ కెండ్రిక్‌కు సందేశం పంపి, ఈ బహుమతి నీకే రావాల్సిందని ఒప్పుకుని, ఆ సందేశాన్ని బయటపెట్టాడు కూడా. గెలిచినవాడే అలా అన్నాక ఆ ఓటమికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

గ్రామీ అంటే ఏమిటో కూడా కొంచెం చెప్పాలి. రికార్డింగ్ అకాడమీ సభ్యులైన గాయకులు, రచయితలు, నిర్మాతలు, సాంకేతిక నిపుణులు ఓట్లు వేసి ఇచ్చే బహుమతి అది. అంటే వృత్తిలో ఉన్నవాళ్లు తోటివాళ్లకు ఇచ్చేది. మొట్టమొదట ర్యాప్‌కు ఒక విభాగం పెట్టింది 1989లో. దాన్ని టీవీలో చూపించడానికి నిరాకరిస్తే, గెలిచిన జంటే వేడుకకు వెళ్లడం మానేసింది. టూపాక్ షకూర్ ఒక్క గ్రామీ లేకుండానే చనిపోయాడు. ఎంతో గౌరవం ఉన్న ర్యాప్ గాయకుడు నాస్‌కు మొదటి గ్రామీ 2021లో గానీ రాలేదు. అన్నిటికంటే పెద్దదైన ‘ఈ ఏటి ఆల్బమ్’ బహుమతి 2025 వేడుక వరకు ర్యాప్‌కు సంబంధించిన రెండు ఆల్బమ్‌లకే వచ్చింది: 1999లో లారిన్ హిల్‌కు, 2004లో అవుట్‌కాస్ట్‌కు. కెండ్రిక్ 2014 నుంచి 2023 వరకు దానికి ఐదుసార్లు పోటీపడి ఐదుసార్లూ ఖాళీ చేతులతో వచ్చాడు. వాటిలో ఒకటి ‘బ్లాక్ పాంథర్’ సినిమా కోసం అతను కూర్చిన ఆల్బమ్. కాబట్టి 22 అన్న అంకెలో ఎక్కువ భాగం ర్యాప్ కోసం వేరుగా గీసిన గీత లోపలివే. ఆ గీత దాటించే విషయంలో అకాడమీ చాలాకాలం వెనకాడింది.

నా దృష్టిలో అతని శిఖరం 2015 మార్చిలో వచ్చిన ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’. 2014లో దక్షిణాఫ్రికా వెళ్లి, నెల్సన్ మండేలాను బంధించిన రాబెన్ దీవి చూసి వచ్చిన అనుభవం దీని మీద బలంగా పడింది. కామసీ వాషింగ్టన్, థండర్‌క్యాట్, టెరేస్ మార్టిన్, రాబర్ట్ గ్లాస్పర్ వంటి జాజ్ విద్వాంసులు వాయించారు. పాటల మధ్యలో ఒక కవితను కొంత కొంతగా, ప్రతిసారీ ఒకట్రెండు పంక్తులు పెంచుతూ చదువుకుపోతాడు. చివరి పాటలో అది పూర్తయ్యాక, ఇంతసేపూ అతను దాన్ని వినిపిస్తున్నది చనిపోయిన టూపాక్‌కని మనకు తెలుస్తుంది. టూపాక్ 1994లో ఇచ్చిన ఒక రేడియో ఇంటర్వ్యూలోని మాటలను తీసుకుని, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు కూర్చాడు. చివర కెండ్రిక్ ఒక ప్రశ్న అడిగితే అవతలి నుంచి జవాబు రాదు.

అందులోనే ‘హౌ మచ్ ఎ డాలర్ కాస్ట్’ అని ఒక పాట ఉంది. పెట్రోలు బంకు దగ్గర ఒక బిచ్చగాడు కొద్దిపాటి డబ్బు అడుగుతాడు. మత్తుమందుకే అనుకుని ఇతను ఇవ్వడు. ఆ మనిషి చూపు మరల్చకుండా అక్కడే నిలబడతాడు, ఇతనికి కోపం వస్తుంది, మాటలు పెరుగుతాయి. చివరికి ఆ బిచ్చగాడు తాను భగవంతుణ్ణని చెప్పి, నువ్వు దాచుకున్న ఆ ఒక్క డాలరు వెల స్వర్గంలో నీ చోటు అంటాడు. అతిథి రూపంలో దేవుడు వచ్చి పరీక్షించే కథలు మీరు తరగతిలో ఎన్ని చెప్పి ఉంటారో నాకు తెలియదు గానీ, ఈ పాట మీకు పరాయిదిగా అనిపించదని మాత్రం చెప్పగలను. 2015లో తనకు నచ్చిన పాటగా అధ్యక్షుడు ఒబామా పేర్కొన్నది దీన్నే.

ఈ ఆల్బమ్‌లోని ‘ఆల్‌రైట్’ పాటను ఆ ఏడాది నల్లజాతీయుల మీద పోలీసు హింసకు వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపుల్లో జనం గొంతెత్తి పాడారు. 2016 గ్రామీల్లో 11 నామినేషన్లకు ఐదు దక్కాయి, పెద్ద బహుమతి మాత్రం టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్‌కు వెళ్లింది. ఆ ఐదింటిలో ఒకటి, టేలర్ స్విఫ్ట్ పాటలోనే అతను గొంతు కలిపిన ఒక వీడియోకు వచ్చింది. లెక్కలో దానికీ, ‘ఆల్‌రైట్’కు వచ్చినదానికీ విలువ ఒకటే. అందుకే బహుమతుల కూడికను నేను అంతగా నమ్మను.

పులిట్జర్ సంగతి వేరు, దాన్ని మీరు కాస్త ఆగి చూడాలి. 1943 నుంచి ఇస్తున్న ఈ సంగీత బహుమతి దశాబ్దాల తరబడి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికే పరిమితమై ఉండేది. 1965లో న్యాయనిర్ణేతలు జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇవ్వమని సిఫారసు చేస్తే పై మండలి ఒప్పుకోలేదు. ఆయన పోయిన పాతికేళ్లకు, 1999లో, ఆ గౌరవం ఇచ్చారు. జాజ్ రచనకు మొదటిసారి బహుమతి వచ్చింది 1997లో, వింటన్ మార్సాలిస్‌కు. ఆ రెండు సంప్రదాయాలకూ బయట నుంచి ఈ బహుమతి అందుకున్న మొదటి రచన ‘డ్యామ్’. దాన్ని ఎవరూ పోటీకి పంపలేదు. ర్యాప్ ప్రభావంతో వచ్చిన ఇంకొక రచనను పరిశీలిస్తూ ఉండగా, ర్యాప్ నుంచి తీసుకున్నదాన్ని మెచ్చుకుంటున్నప్పుడు అసలు ర్యాప్ మన ముందు ఎందుకు లేదన్న ఆలోచన న్యాయనిర్ణేతలకు కలిగింది, అప్పుడు ‘డ్యామ్’ తెప్పించుకుని విన్నారు. బహుమతి పత్రంలో ఆ పాటల్లోని వాడుక భాష నిజాయతీని, లయలోని చైతన్యాన్ని, ఆఫ్రికన్ అమెరికన్ల నేటి జీవితంలోని చిక్కుముడులను పట్టుకున్న తీరును ప్రశంసించారు. గిడుగు రామమూర్తి పంతులుగారి పోరాటం గురించి పిల్లలకు చెప్పిన మీకు, ‘వాడుక భాష నిజాయతీ’ అన్న మాట ఒక బహుమతి పత్రంలోకి ఎక్కడం ఎంత పెద్ద మార్పో నేను వివరించనక్కర్లేదు. ఆ ఏడాది గ్రామీల్లో ‘డ్యామ్’కు సంబంధించి ఐదు వచ్చాయి, ‘ఈ ఏటి ఆల్బమ్’ మాత్రం బ్రూనో మార్స్‌ది.

ఇక మీ మనవడి తరం ఎక్కువగా చెప్పుకునేది 2025 ఫిబ్రవరి గురించి. ఆ నెల 2న ‘నాట్ లైక్ అస్’ అనే ఒక్క పాటకు, ‘ఈ ఏటి రికార్డు’, ‘ఈ ఏటి పాట’తో సహా, నామినేట్ అయిన ఐదు విభాగాల్లోనూ గ్రామీలు వచ్చాయి. సరిగ్గా వారానికి న్యూ ఆర్లియన్స్‌లో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) మధ్య విరామంలో ప్రదర్శన ఇచ్చాడు. అయితే ఆ పాట డ్రేక్ అనే మరో గాయకుడితో 2024లో సాగిన తగవులో పుట్టింది. మన తిట్టు కవిత్వం గురించీ, తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదరులకూ నడిచిన వాగ్యుద్ధం గురించీ తెలిసిన మీకు ఆ సంప్రదాయం కొత్తగా తోచదు. ర్యాప్‌లో అదీ ఒక ప్రక్రియే. కానీ ఆ పాటలో ఒక బతికున్న మనిషి మీద చాలా తీవ్రమైన ఆరోపణలున్నాయి, వాటిని డ్రేక్ ఖండించాడు. లయ, ప్రాస, ఊపు అన్నీ ఉన్న పాట అది, నేనూ కాదనను. అయినా బిచ్చగాడి పాటకూ చెల్లెలి నిలదీతకూ రాని అగ్రస్థానం ఈ తగవు పాటకు రావడం నాకు బాధగానే ఉంది. ‘22 గ్రామీలు’ అని మనవడు అన్నప్పుడు మీరు అడగదగ్గ ప్రశ్న ఇదే: వాటిలో నీకు నచ్చిన పాటకు వచ్చినవెన్ని, రానివెన్ని?

అమ్మాయిగారికి చెప్పాల్సింది. ఆవిడ అన్నది నిజం: బూతులు ఉన్నాయి, చాలా ఉన్నాయి. చాలాచోట్ల అవి పాత్రల నోట వచ్చే కాంప్టన్ వీధి మాటలు. అయినా అన్నిటినీ నేను సమర్థించలేను, ముఖ్యంగా తొలినాళ్లలో ఆడవాళ్ల గురించి వాడినవి. ఆల్బమ్‌లకు బూతులు తొలగించిన ‘క్లీన్’ ప్రతులు దొరుకుతాయి, కథ ఏమాత్రం తగ్గదు. ఇంట్లో వాటితో మొదలుపెట్టమనండి. 2022లో వచ్చిన ‘మిస్టర్ మొరాల్’ ఆల్బమ్‌లో ఒక జంట గొడవలా సాగే ‘వి క్రై టుగెదర్’ పాట మాత్రం పదిహేనేళ్లవాడికి ఇప్పుడే వద్దు.

ఇంకొక విషయం బూతుల కంటే ముఖ్యమైనది. ఈ పాటల్లో నల్లజాతివారిని అవమానించడానికి తరతరాలుగా వాడిన ఒక మాట మాటిమాటికీ వస్తుంది. వాళ్లు తమలో తాము దాన్ని అనుకోవడం వేరు, బయటివాళ్లు అనడం వేరు. 2018 మేలో అలబామాలో ఒక కచేరీలో కెండ్రిక్ ఒక తెల్లజాతి అభిమానిని వేదిక మీదికి పిలిచి తనతో పాడించాడు. ఆమె ఆ మాట కూడా పలికేసరికి పాట ఆపి, అది నువ్వు అనకూడదని చెప్పాడు. డాలస్ బడిలో చదివే తెలుగు పిల్లవాడికి కూడా ఇది వర్తిస్తుంది. పాడుకునేటప్పుడు ఆ మాట దగ్గర నోరు ఆపుకోవాలని వాళ్లమ్మ నేరుగా చెప్పవచ్చు, కారణం కూడా చెప్పవచ్చు. ‘పాటే వద్దు’ అనడం కంటే ఈ మాట వాడికి బాగా ఎక్కుతుందని నాకు నమ్మకం.

మీ సంగతికి వస్తాను. ఈసారి వీడియోలో మాట్లాడేటప్పుడు క్షమాపణల ప్రసంగం పెట్టకండి. ‘ఆ రోజు వినకుండానే అనేశాన్రా, ఇప్పుడు వింటాను, ఏ పాటతో మొదలుపెట్టమంటావో చెప్పు’ అంటే చాలు. వాడు చెప్పిన పాటే ముందు వినండి, అది ‘నాట్ లైక్ అస్’ అయినా సరే. వేగం వల్ల మాటలు అందకపోతే సాహిత్యం పంపమని అడిగి, చేతిలో పెట్టుకుని వినండి. పంక్తి చివర మాత్రమే కాదు, మధ్యలోనూ అక్షరాలు ఎలా తిరిగి తిరిగి వస్తున్నాయో గమనించండి. యతిప్రాసలు పట్టిన చెవి మీది, ఆ పని వాడి స్నేహితులెవరూ మీ అంత బాగా చేయలేరు. మీరు గుర్తించిన ఒక్క ప్రాసను వాడికి చూపించండి. ఆ తర్వాత మీ వంతు పాట అడగండి.

మీ వంతుకు నేను సూచించేది ‘డ్యామ్’లో చివరి పాట ‘డక్‌వర్త్’. అందులోని కథ నిజంగా జరిగిందేనని పాట చెబుతుంది: ఒక కుర్రవాడు ఒక కేఎఫ్‌సీ దుకాణాన్ని దోచుకోవాలని చూస్తుంటాడు. కౌంటరు దగ్గర పనిచేసే మనిషికి అతని సంగతి తెలుసు. అందుకని వచ్చినప్పుడల్లా చికెన్ ఉచితంగా ఇచ్చి, రెండు ‘బిస్కెట్లు’ (అక్కడ మెత్తని బన్నుల్లాంటివి) ఎక్కువ పెట్టేవాడు. ఆ మంచితనం వల్ల కుర్రవాడు అతని జోలికి పోలేదు. కౌంటరులోని మనిషి కెండ్రిక్ తండ్రి. దోచుకోవాలనుకున్న కుర్రవాడు, ఏళ్ల తర్వాత ఆ కొడుకు చేత పాడించిన ఆంథొనీ టిఫిత్. ఆ రోజు తుపాకీ పేలి ఉంటే ఒకడు జైల్లో ఉండేవాడు, ఇంకొకడు తండ్రి లేకుండా పెరిగి వీధి కాల్పుల్లో పోయేవాడు అని కెండ్రిక్ అంటుండగానే తుపాకీ శబ్దం వస్తుంది. అక్కడి నుంచి టేపు వెనక్కి గిర్రున తిరిగి, ఆల్బమ్ మొదట్లో కెండ్రిక్ పలికిన మొదటి మాటల దగ్గర ఆగుతుంది. అది ఎందుకు అలా వెనక్కి తిరిగిందో మీరు చెప్పకండి, మనవణ్ణి చెప్పమనండి.